రెండిళ్ల మధ్య ఒక మాత్ర

గండం గడిచి ఐదు నెలలయింది కాబట్టి ఇది రాస్తున్నాను. నా చదువు మూడో తరగతి దాకానే. చదవడం నిదానం, రాయడం అంతకంటే నిదానం. అయినా గుంటూరులో రక్తపరీక్షకు వచ్చే ఆడవాళ్లు పక్కన కూర్చుని "నీకేమయింది పెద్దమ్మా" అని అడుగుతూనే ఉన్నారు. అందరికీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేదు. ఒకసారి కాగితం మీద పెడితే, చదివినవాళ్లలో ఒక్కరయినా నా తప్పు చేయకుండా ఉంటారు.

మాది దూదేకుల కుటుంబం. మా ఆయన పొదిలిలో దూది ఏకే మిషను పెట్టి పరుపులు అమ్మేవాడు, నేను బొంతలు కుట్టేదాన్ని. ఆయన పోయాక ఆ కొట్టు మా చిన్నవాడు బాజీ చూసుకుంటున్నాడు. పెద్దవాడు సుభాని గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. బ్రాడీపేటలో మేడ మీద ఒక వాటా అద్దెకు తీసుకుని ఉంటున్నాడు.

ఆయన పోయిన నలభయ్యో రోజు తంతు అయిన తెల్లారి కొడుకులిద్దరూ వసారాలో కూర్చుని నా సంగతి తేల్చారు. మూడు నెలలు పెద్దవాడి ఇంట్లో, మూడు నెలలు చిన్నవాడి ఇంట్లో. వంతులన్నమాట. మా బజారులో ముసలివాళ్లందరికీ జరిగేదే, నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. నేను లోపలినుంచి ఒక్క మాట మాత్రం చెప్పాను. "ఒక ఇంటి వస్తువు ఇంకో ఇంటికి మోయను. అత్త వస్తే ఏం పట్టుకొచ్చింది, పోతే ఏం పట్టుకుపోయింది అని ఏ కోడలూ నా సంచీ చూడకూడదు."

అప్పట్నుంచీ ఆ మాట మీదే ఉన్నాను. అక్కడ నాలుగు చీరలు, ఇక్కడ నాలుగు చీరలు. అక్కడొక దువ్వెన, ఇక్కడొక దువ్వెన. నమాజు చాప కూడా రెండు. చేతిలో నీళ్ల సీసా, కళ్లద్దాల పెట్టె తప్ప ఇంకేమీ లేకుండా బస్సెక్కేదాన్ని. అది గొప్పగా కూడా చెప్పుకునేదాన్ని.

కిందటేడు చలికాలం పొదిలిలో ఉన్నాను. నేను బాజీ కొట్లో కూర్చుని బొంత అంచు కుడుతుంటే సూది చేతిలోంచి జారింది. తీసుకుందామని వంగితే వేళ్లు పట్టుకోలేదు. చిన్నకోడలు కాశింబీని పిలిచాను. పిలిచాననే అనుకున్నాను, నోటినుంచి మాట సరిగా రాలేదట. కాశింబీ నా తమ్ముడి కూతురే. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి నా మూతి చూసి ఏడుపు మొదలుపెట్టింది. పావుగంటలో చెయ్యి మామూలయింది, మాట కూడా వచ్చింది.

"ఏం కాలేదు, ఏడవబాక. ఆ సూది ఎక్కడ పడిందో వెతుకు, ఎవరికన్నా గుచ్చుకుంటుంది" అన్నాను.

"సూది సంగతి తర్వాత అత్తా, నువ్వు ముందు లెగు" అంది.

ఒంగోలు తీసుకుపోయారు, అక్కడినుంచి గుంటూరు పంపారు. గుండెలో ఒక తలుపు ఇరుకయిందన్నారు. గుండె లెక్క తప్పి కొట్టుకుంటోందనీ, అందువల్ల లోపల రక్తం చిన్న చిన్న గడ్డలు కడుతోందనీ, ఒక గడ్డ మెదడు దాకా పోయి వచ్చిందనీ చెప్పారు. ఈసారి పోతే పక్షవాతమే. దానికి రక్తం పలచన చేసే మాత్ర ఇచ్చారు. బతికున్నంత కాలం వేసుకోవాలి.

మాత్ర ఊరికే వేసుకుంటే చాలదట. రక్తం తీసి ఒక నంబరు చూస్తారు. అది రెండుకూ మూడుకూ మధ్య ఉండాలి. రెండు కంటే తగ్గితే గడ్డ కడుతుంది. మూడు దాటి పైకి పోతే లోపల ఎక్కడో ఒకచోట రక్తం కారుతుంది. డాక్టరుగారు రెండు చేతులూ తక్కెడలాగా పట్టుకుని చూపించారు. "ఆకుకూర ఎక్కువయితే మాత్రను పనిచేయనీయదు. అట్లని మానొద్దమ్మా. కానీ ఒకరోజు గిన్నెడు, నాలుగు రోజులు సున్నా, అట్లా చేయొద్దు. రోజూ ఒకే కొలత" అన్నారు.

నేను జీవితమంతా కొలత మీద బతికినదాన్ని. బియ్యం, నూనె, దూది, దారం, నీళ్లు, అన్నీ కొలతే. ఇదొక లెక్కా అనుకున్నాను.

ఆ చలికాలం మిగతా రోజులు గుంటూరులోనే ఉన్నాను. వారానికోసారి పరీక్ష. ఇల్లు దాటి రెండు వీధులు పోతే ల్యాబు. సుభాని తెల్లారేసరికి కోల్డ్ స్టోరేజీకి పోతాడు. ఇంటికి వచ్చినా వాడి చొక్కానిండా మిరపకాయల ఘాటే, దగ్గరకొచ్చి మాట్లాడితే నాకు దగ్గొస్తుంది. అందుకని దూరంగా నిలబడి "తిన్నావా అమ్మా" అని అడిగి పోతాడు. పెద్దకోడలు రమీజా ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మెత్తని మనిషి, మాట తక్కువ. నేను కటువుగా మాట్లాడతానని నాతో ఇంకా తక్కువ.

ల్యాబుకు ఒక్కదాన్నే పోయేదాన్ని. అక్కడ ఇనుప కుర్చీలు, గోడమీద శబ్దం లేని టీవీ. పేరు పిలిచేదాకా కూర్చోవాలి. మొదటిరోజు పక్కన ఒక రైతు భార్య కూర్చుంది. మొగుడికి గుండె ఆపరేషను అయిందట, ఆయన్ని చెయ్యి పట్టుకుని తెచ్చింది.

"ఎవరూ రాలేదా పెద్దమ్మా నీతో. పిల్లలు లేరా?"

"ఇద్దరు కొడుకులున్నారు."

"ఇద్దరుండి ఒక్కదానివే వచ్చావా?"

"ఇద్దరున్నారు కాబట్టే" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. ఆమె మొగుడు కూడా నవ్వి, వెంటనే గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. నేను నవ్వించడానికి చెప్పలేదు.

రక్తం తీసే అమ్మాయి పేరు సుజాత. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటి ఉంటాయి. నా నరం దొరకడం కష్టమని అరచెయ్యి వెచ్చబడేదాకా తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దేది. మా ఆయన పోయాక నా చెయ్యి అంతసేపు ఎవరూ పట్టుకోలేదు. పరీక్ష కాకపోయినా చెయ్యి ఇచ్చి కూర్చోవచ్చు అనిపించేది. అది పైకి చెప్పే మాట కాదు కాబట్టి "కానీయమ్మా, ఇంకా జనం ఉన్నారు" అనేదాన్ని.

నంబరు కుదురుకుంది. రోజుకు ఒక మాత్ర. ఇక నెలకోసారి చూపిస్తే చాలన్నారు. ఇంతలో వంతు అయిపోయింది. కాగితాల ఫైలు, మిగిలిన మాత్రల అట్టలు రమీజా బీరువాలో పెట్టింది. "తీసుకెళ్లరా అత్తయ్యా" అని అడిగింది. "ఈ ఇంట్లో కొన్నవి ఈ ఇంట్లోనే ఉండనీ, అక్కడ వాళ్లు కొంటారు" అన్నాను. నీళ్ల సీసా పట్టుకుని బస్సెక్కాను.

పొదిలిలో అప్పటికి ఎండలు మొదలయ్యాయి. ఖాళీ అట్ట ఒకటి రమీజా ఫోనులో ఫొటో తీసి పంపితే బాజీ మందుల షాపుకు పోయాడు. అదే పేరు, కానీ సగం బలం మాత్రలే ఉన్నాయట, రెండు వేసుకోమన్నారు. సరే, పొదిలిలో రెండు. పరీక్షకు పొద్దున రక్తం తీసి ఒంగోలు పంపుతారు, మర్నాడు ఫోను వస్తుంది. కాశింబీకి ఆకుకూర లేనిదే ముద్ద దిగదు. గోంగూర, తోటకూర, మునగాకు, రోజుకొకటి. ఊరికే వచ్చే కూర కదా అని నేనూ వద్దనలేదు, గిన్నె కడిగేదాకా తిన్నాను. నంబరు పడిపోయింది. ఒంగోలు డాక్టరు మాత్ర పెంచారు. ఇక మూడు వేసుకోమన్నారు.

మూడు అన్నమాట నా తలలో కూర్చుంది. పొదిలి మాత్ర బలంలో సగమన్నది మాత్రం కూర్చోలేదు.

రంజాను నెల మొదలయ్యే ముందు మళ్లీ గుంటూరు వంతు వచ్చింది. ఆ నెల పరీక్ష సరిగ్గా నేను ఇల్లు మారే వారంలో పడింది. "గుంటూరులో చేయిస్తారులే" అని బాజీ అన్నాడు. "పొదిలిలో చేయించుకునే వచ్చి ఉంటావుగా" అని సుభాని అన్నాడు. నేను ఇద్దరికీ "ఆ" అన్నాను. ఒకరి ఇంట్లో మిగిలిపోయిన పని ఇంకొకరి నెత్తిన పెట్టడం నాకు నామోషీ.

ఒక్కపొద్దులు ఉండొద్దని డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. సాయంత్రం ఒక ఖర్జూరం తిని, గ్లాసు గంజి తాగి, బీరువాలోని పాత అట్టలు తీసి మూడు మాత్రలు వేసుకున్నాను. రమీజా చూసింది.

"ఇంతకుముందు ఒకటే వేసుకునేవారు కదా అత్తయ్యా?"

"అక్కడి డాక్టరు పెంచాడు."

"ఒకసారి కాగితం చూద్దామా. ఫోను చేసి కాశింబీని అడగనా?"

"నా మందుల సంగతి నాకు తెలియదనా. నీ జాకెట్లు నువ్వు చూసుకో" అన్నాను.

మర్నాడు కూడా నేను మాత్రలు తీస్తుంటే తలెత్తి చూసింది, మళ్లీ మిషను తొక్కుకుంది.

వారం తిరక్కముందే మొదలయింది. పళ్లు తోముకుంటే నురగ ఎర్రగా వచ్చేది. చేతుల మీద ఎక్కడ తగిలిందో తెలియకుండా నీలం మచ్చలు. వయసు అనుకున్నాను. పొడుగు చేతుల రవిక వేసుకుని పైట నిండా కప్పుకున్నాను. ఒకరోజు దిండు గలీబు మీద ముక్కు రక్తం అంటింది. రమీజా చూడకముందే చన్నీళ్లలో జాడించి ఆరేశాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే అర్థం కాదు. ఎవరికి భయపడ్డానో తెలియదు. మందులు వేసుకోవడం కూడా రాని మనిషని అంటారనేమో. వంతు మధ్యలోనే మంచాన పడితే మిగతా రోజులు ఎవరు చూస్తారని మళ్లీ వసారాలో కూర్చుంటారనేమో.

పన్నెండో రోజు మధ్యాహ్నం రమీజా కుట్టిన బట్టలు ఇవ్వడానికి పోయింది. మనవరాలు కాలేజీలో ఉంది. నమాజుకు ముందు కడుక్కునే వజూకు కూర్చుని ముక్కులో నీళ్లు పెట్టుకుంటే నీళ్లతోపాటు రక్తం వచ్చింది. ముక్కు పట్టుకున్నాను, గొంతులోకి దిగింది. తువ్వాలు తడిసింది, ఇంకో తువ్వాలు తీసుకున్నాను. ఫోను చేతిలోకి తీసుకుని ఆలోచించాను. సుభానికి చేస్తే పని మధ్యలో వదిలి రావాలి. బాజీకి చేస్తే "నీ ఇంట్లో ఏం జరిగింది" అని అన్నను నిలదీస్తాడు. కింద వాటావాళ్ల పేరు కూడా నాకు తెలియదు. పిల్లల్ని కన్నాను, పెంచాను, పెళ్లిళ్లు చేశాను. అంత పెద్ద గుంటూరులో నా పేరు, నా జబ్బు రెండూ తెలిసిన మనిషి రక్తం తీసే సుజాత ఒక్కతే.

తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగాను. ఆ రెండు వీధులు గోడలు పట్టుకుంటూ నడిచాను. జనం చూశారు, ఆగలేదు. ఒక్కపొద్దు అని నోరు ఎండిపోయి ఉంది, నోట్లో రుచి మాత్రం తుప్పు రుచి.

ల్యాబు గుమ్మంలోనే సుజాత చూసింది. కుర్చీల్లో ఉన్నవాళ్లందర్నీ దాటించి నన్ను లోపల కూర్చోబెట్టింది.

"మాత్రలు ఎన్ని వేసుకుంటున్నావు పెద్దమ్మా?"

"మూడు."

నరంలో సూది పెట్టిన ఆమె చెయ్యి అక్కడే ఆగింది. "మీవాళ్ల ఫోను నంబరు చెప్పు" అంది. చెప్పనన్నాను. "నువ్వు చెప్పకపోతే ఈ సూది తియ్యను" అంది. నవ్వకుండానే అంది. చెప్పాను.

నా నంబరు ఎనిమిది దాటింది.

ఆసుపత్రిలో విరుగుడు ఇంజెక్షను ఇచ్చారు. పసుపురంగు నీళ్లలాంటిది సంచీలతో ఎక్కించారు. తలలో రక్తం కారిందేమోనని మిషనులో పెట్టి చూశారు, అదృష్టం, కారలేదు. కళ్లు మూసుకుంటే మంచంతో సహా ఎక్కడికో జారిపోతున్నట్టుండేది. ఇది నా చావేనా, లేక ఇంకో వంతా అని ఒకసారి అనుకున్నాను.

మర్నాటికి బాజీ, కాశింబీ వచ్చారు. కొడుకులిద్దరూ నా మంచం అటొకరు ఇటొకరు నిలబడి నేను నిద్రపోతున్నాననుకుని మాట్లాడుకున్నారు.

"మా ఇంటినుంచి పంపినప్పుడు శుభ్రంగా ఉంది."

"పరీక్ష చేయించకుండా పంపావురా నువ్వు."

"అది నీ వంతులో పడిందన్నా."

"తారీకు నా వంతులో పడిందా, నీ వంతులో పడిందా, క్యాలెండరు తెప్పించనా?"

డాక్టరుగారు వచ్చేదాకా అదే గొడవ. కాశింబీ పొదిలినుంచి మాత్రల అట్ట తెచ్చింది, సుభాని ఇంట్లోది తెచ్చాడు. డాక్టరుగారు రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. "ఇది ఒక మిల్లీగ్రాముది, ఇది రెండుది. బలం తేడా. ఈ రెండు మిల్లీగ్రాములవి మూడు వేయమని ఎవరు చెప్పారు? ఇంట్లో మందు ఎవరు ఇస్తారు?"

అందరూ మూలన నిలబడ్డ రమీజా వైపు చూశారు. సుభాని అన్నాడు, "ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నావే నువ్వు. ముసలిదాన్ని చంపేదానివి గదా."

రమీజా తలెత్తలేదు. "నేను అడిగాను, అత్తయ్యే కసురుకుంది" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. కాళ్లకేసి చూస్తూ నిలబడింది.

ఇక్కడ నిజం రాయాలి. నేను కూడా కాసేపు మాట్లాడలేదు. నోరు కదిలే స్థితిలోనే ఉన్నాను. కళ్లు మూసుకుని ఉంటే ఆ తప్పు ఆమె మీదనే ఉండిపోతుందని నాకు తెలుసు. డబ్భై ఏళ్లొచ్చాక కొడుకుల ముందు, కోడళ్ల ముందు తప్పు ఒప్పుకోవడం కంటే ఆ తుప్పు రుచే నయమనిపించింది. ఆ పక్షవాతం భయం, ఆ నెత్తుటి భయం, వాటన్నిటికంటే ఆ కాసేపే నాకు ఎక్కువ బరువు.

తర్వాత కళ్లు తెరిచాను.

"ఆ పిల్లనేమీ అనబాకండి. మొదటిరోజే అడిగింది, కాగితం చూద్దామంది. నోరు మూసుకోమని నేనే అన్నాను. అట్ట తెచ్చుకోనిదీ నేనే, పరీక్ష అయిందని ఇద్దరికీ అబద్ధం చెప్పిందీ నేనే. తప్పు నాది."

కొడుకులిద్దరూ నా మొహంలోకి చూశారు. నన్ను అట్లా వాళ్లెప్పుడూ చూడలేదు మరి.

డాక్టరుగారు అన్నారు, "ఏ ఊళ్లో ఉన్నా నాకు అభ్యంతరం లేదు. మాత్ర ఒకే బలంది ఉండాలి, ఫైలు మనిషితోపాటు తిరగాలి. అన్నిటికీ మించి, లెక్క ఒక్కరే చూడాలి. ఇద్దరు చూస్తే ఎవరూ చూడనట్టే. ఎవరు చూస్తారు?"

సుభాని బాజీని చూశాడు. బాజీ కిటికీలోంచి బయటికి చూశాడు. నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. నా బతుకులో అంతసేపు ఎవరి జవాబు కోసమూ ఎదురుచూడలేదు.

"నేను చూస్తాను" అంది రమీజా.

"పొదిలిలో ఉన్నప్పుడో?" అన్నాడు సుభాని.

"ఫోనుంది గదా."

అంతే అంది.

అప్పట్నుంచీ ఇట్లా నడుస్తోంది. సంచీలో ఫైలు, మాత్రలు ఉంటాయి. కోడళ్లిద్దరూ ఆ సంచీ విప్పి చూస్తారు, చూడనిస్తున్నాను. వంతు మారే ముందు రోజు పరీక్ష, మారిన వారానికి ఇంకో పరీక్ష. ఒంటినొప్పులకు షాపులో అడిగి మాత్ర కొనుక్కోవడం మానేశాను. పన్ను పీకించుకోవాలన్నా ముందు ఈ మాత్ర సంగతి చెప్తాను. ఒక్కపొద్దులు ఇక ఉండను, ఆ బదులు పేదవాళ్లకు అన్నం పెడతాను. ఇదే జబ్బు ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మాత్రలు ఎన్ని అని గుర్తుపెట్టుకోవద్దు, అట్ట మీద మిల్లీగ్రాముల అంకె చూసి వేసుకోండి. ఇంట్లో ఎవరన్నా "ఇదేంటి" అని అడిగితే కసురుకోవద్దు.

ఇప్పుడు పొదిలిలో ఉన్నాను. సాయంత్రం ఆరింటికి రమీజా ఫోను చేస్తుంది. "అంకె చదవండి అత్తయ్యా." చదువుతాను. "వేసుకోండి." వేసుకుంటాను. పెట్టేస్తుంది. మేం ఎప్పుడూ ఎక్కువ మాట్లాడుకున్నది లేదు, ఇప్పుడు కొత్తగా ఏం మాట్లాడతాం.

మొన్న ఆరు దాటింది, ఫోను రాలేదు. ఆరున్నరయింది. బాజీ కొట్లో ఉన్నాడు, కాశింబీ పక్కింటికి పోయింది. మాత్ర అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. అంకె నాకు తెలుసు, నీళ్లు పక్కనే ఉన్నాయి, మింగితే అయిపోతుంది. మింగబుద్ధి కాలేదు. అరచేతి చెమటకు మాత్ర అంచు మెత్తబడటం మొదలయింది. ఏడింటికి నేనే ఫోను చేశాను. కోడలికి నేనై ఫోను చేయడం అదే మొదటిసారి.

"అయ్యో, మర్చిపోయాను అత్తయ్యా. పిల్ల పరీక్షల గొడవలో పడ్డాను. వేసుకున్నారా?"

"లేదు. నువ్వు అడగలేదుగా."

"చదవండి" అంది. చదివాను. వేసుకున్నాను.

"ఇంకేంటి అత్తయ్యా?"

"ఇంకేముంది. ఏమీ లేదు" అన్నాను.

ఫోను పెట్టలేదు. ఆమె కూడా పెట్టలేదు. అటు కుక్కరు కూత వినిపించింది, కిందనుంచి ఆటో పోయిన చప్పుడు వినిపించింది.

"రేపు ఏం కూర అక్కడ?" అని అడిగింది.

"తోటకూర."

"ఎంత తింటారు?"

"గరిటెడు" అన్నాను.